నల్ల మెట్ల మీద ఎనిమిది నిమిషాలు

మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కర్టెన్ల కొలతలకు వచ్చిందనుకున్నాను. రమ్మని కబురు పెట్టి అప్పటికి మూడు వారాలైంది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, భుజం దగ్గర గుచ్చుకున్న నాలుగు గుండుసూదులు. "కిటికీలు ఇటున్నాయమ్మా" అని దారి చూపించాను. ఆవిడ కిటికీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా నా పియానో దగ్గరికి వెళ్ళి, మూత తెరిచి, మెడలోని టేపు తీసి వేళ్ళతో నొక్కే మెట్ల మీద పరిచింది.

"రెండు నల్లవి, మూడు నల్లవి కలిస్తే ఒక గుంపు. గుంపుకి ఆరున్నర అంగుళాలు. నా జాన ఎనిమిది" అని లెక్క తేల్చి, నా వైపు తిరిగి, "సరిపోతుంది టీచర్ గారూ" అంది.

"ఏం సరిపోతుంది?"

"నేర్చుకోవడానికి."

నాకు ముక్కు మీద కోపం. ముప్పై నాలుగేళ్ళు బడిలో సంగీతం చెప్పి, రిటైరయ్యాక ఇంట్లో నలుగురైదుగురికి పియానో నేర్పుతున్నాను. అడగకుండా పియానో మూత తెరిచినవాళ్ళను గుమ్మం దాటించి పంపిన చరిత్ర ఉంది నాకు. ఈవిడని మాత్రం పంపలేకపోయాను. నలభై ఆరేళ్ళ మనిషి, పుట్టినరోజు కానుక విప్పబోయే పిల్లలా కాలి వేళ్ళ మీద ఊగుతోంది.

"నాకు పాఠాలూ పరీక్షలూ వద్దు. ఒక్క ముక్క వస్తే చాలు. సినిమాలోది" అని, నేను సరే అనకముందే నోటితో మొదలుపెట్టింది.

ఆ సినిమా నాకూ తెలుసు. దీపస్తంభం కాపలాదారు కథ. ఆఖర్న తుపానులో ఆరిపోయిన దీపాన్ని అతను మళ్ళీ వెలిగిస్తాడు, పడవలన్నీ ఒడ్డుకు వస్తాయి. నాలుగు నిమిషాల పాటు మాట ఉండదు, సంగీతమే. టైలరమ్మ వయొలిన్లు పాడింది, వాటి కింద మోగే గంభీరమైన తీగ పాడింది, మధ్యలో వేణువు పాడింది. నేను నోరెళ్ళబెట్టి వింటున్నాను. సరిగ్గా మధ్యలో ఆగి, నాలుకతో "టక్" మని చప్పుడు చేసి, మళ్ళీ అందుకుంది.

"ఆ టక్ ఏమిటి?"

"అదీ అందులోదే."

"సంగీతంలో టక్ ఎక్కడుంటుందమ్మా?"

"పదమూడో రీలు అయిపోయి పద్నాలుగో రీలు అందుకునే చోట ఉంటుంది. అది లేకపోతే నాకు మిగతాది రాదు టీచర్ గారూ" అంది, తప్పంతా సంగీతం రాసినవాడిదే అన్నట్టు.

ఆవిడ తండ్రి ఈ ఊరి సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. ఆ హాలు ఇప్పుడు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లగా బడి నుంచి తిన్నగా తండ్రి గదికి వెళ్ళి, ఫిల్మ్ డబ్బాల మధ్య పీట వేసుకుని కూర్చునేదట. ఆ సినిమా నూటపది రోజులు ఆడింది. రోజూ సాయంత్రం ఆ సంగీతం వినేది. "అది మొదలైందంటే నా కడుపులో గంతులే గంతులు. అది అయిపోగానే అమ్మ వచ్చేది" అంది.

అమ్మ దారపు మిల్లులో రాత్రి షిఫ్టు చేసేదట. మిల్లు బస్సు హాలు గేటు ముందే ఆగేది. మ్యాట్నీ వదలగానే తండ్రీ కూతుళ్ళు మెట్లు దిగేవారు, బస్సు వచ్చేదాకా ముగ్గురూ ఆ మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. ఆవిడకి పదకొండో ఏట తల్లి పోయింది. ఈ సంగతి ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు, టీలో తనకి మూడు చెంచాల చక్కెర వేసేవారని గొప్పగా చెప్పింది.

మర్నాటి నుంచే పాఠాలు మొదలు. నా తల ప్రాణం తోకకొచ్చింది. పాతికేళ్ళుగా కుట్టుమిషను తొక్కిన కాలు ఊరుకోదు కదా, పియానో పెడల్ దొరికిందే చాలు, గడగడా తొక్కేది. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నా ముందుగది గోలగోలగా తయారయ్యేది. "కాలు ఆపు!" అని అరిస్తే చేతులూ ఆగిపోయేవి. చివరికి ఆ కాలికి చెప్పు విప్పించి, పాదం కింద నా ఊలు బంతి పెట్టాను. బంతి నలగకూడదని షరతు. రెండు వారాలకి కాలు దారికొచ్చింది గానీ ఊలు పనికిరాకుండా పోయింది. ఒకరోజు కాఫీ కలుపుకుని వచ్చేసరికి తెల్ల మెట్ల మీద సుద్దతో గీతలు గీసి కూర్చుంది, కత్తిరించబోయే గుడ్డ మీద గీసినట్టు. ఆరోజు నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఆవిడ ఇంట్లో పియానో లేదు. దానికీ ఉపాయం కనిపెట్టింది. తెల్ల గుడ్డ మీద నల్ల మఖమలు ముక్కలు కుట్టి, నల్లవి ఎత్తుగా ఉండడానికి లోపల దూది కూరి, అచ్చం నా పియానో కొలతలతో నాలుగడుగుల మెట్ల వరస తయారుచేసుకుంది. కత్తిరింపుల బల్ల మీద దాన్ని పరుచుకుని, గిరాకీ లేనప్పుడు నోటితో పాడుతూ వేళ్ళు ఆడించేదట. నాలుగో నెలకి ఆవిడ ఎడమ చెయ్యి, పదేళ్ళుగా నేర్చుకుంటున్న నా పాత శిష్యుల చేతుల కంటే స్థిరంగా పలకడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు తెలియని సంతోషం వేసేది. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉండేదాన్ని, లేకపోతే శిష్యులు నెత్తికెక్కుతారు.

చిక్కంతా శ్రుతి దగ్గర వచ్చింది.

నా దగ్గరున్న పుస్తకంలో ఆ ముక్క దాదాపు మొత్తం తెల్ల మెట్ల మీదే ఉంది. చేతికి సుఖం, కంటికి సుఖం. టైలరమ్మ మాత్రం మొదటి రోజే ఆ తెల్ల మెట్టు వదిలి, దాని పక్కనున్న నల్ల మెట్టు మీద బొటనవేలు పెట్టింది. అక్కడి నుంచి మొదలుపెడితే ముక్కంతా నల్ల మెట్ల మీదే నడవాలి, ముళ్ళకంప మీద నడిచినట్టు.

"ఒక మెట్టు కిందికి రా" అన్నాను.

"కిందికి వస్తే అది మా సినిమా కాదు టీచర్ గారూ."

"పుస్తకంలో ఉంది, చూడు."

"పుస్తకం వాళ్ళు కొంచెం దించి రాసుంటారు, తేలిగ్గా ఉంటుందని."

నా ఫోనులో అసలు సినిమా సంగీతమే పెట్టి వినిపించాను. తల పక్కకి వాల్చి శ్రద్ధగా వింది. "ఫోనులో స్పీకరు చిన్నది కదా, దిగిపోతుంది" అని తీర్పు చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. బెత్తం లేదు కాబట్టి పెన్సిలుతో పియానో చెక్క మీద కొట్టి, పుస్తకంలో ఉన్నట్టే వాయించమన్నాను. వాయించింది. తప్పు లేదు. ఉత్సాహం మాత్రం ఆవగింజంత కూడా లేదు, ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టుంది.

ఇంతలో ఒక అవకాశం వచ్చింది. మా టౌన్ హాల్లో ఆరుగురు కలిసి ఒక వాద్య బృందం నడుపుతారు. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, వారానికి రెండు సాయంత్రాలు సినిమాల నేపథ్య సంగీతం సాధన చేస్తారు. వాళ్ళ నాయకుడు పళ్ళ డాక్టరు, వయొలిన్ వాయిస్తాడు. నెలాఖరు ఆదివారం కచేరీ పెట్టుకున్నారు, పియానో వాయించే ఆయనకి బదిలీ అయిపోయింది. కచేరీలో ముఖ్యమైనది ఈ దీపస్తంభం ముక్కే. నేను టైలరమ్మ పేరు చెప్పాను.

సంగతి చెప్పినప్పుడు ఆవిడ సూది నోట్లో పెట్టుకుని ఉంది. అది మింగేస్తుందేమోనని నేను భయపడ్డాను. సూది తీసి, కుర్చీలోంచి లేచి, గిర్రున ఒక చుట్టు తిరిగి, "నాన్నని ముందు వరసలో కూర్చోబెడతాను" అంది. ఆపరేటరు గారు హాలు ఉద్యోగం పోయినప్పటి నుంచి ఏ సినిమాకీ వెళ్ళలేదు. రేడియోలో ఈ సంగీతం వస్తే లేచి వెళ్ళి కట్టేస్తాడట. "నా చేత్తో వాయిస్తే వింటాడు టీచర్ గారూ. అప్పుడు కట్టెయ్యలేడు కదా!" ఆవిడకి కచేరీ అంటే అదొక్కటే. తండ్రి ఆ సంగీతం మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ వినాలి.

మొదటి సాధనకి నేనూ వెళ్ళాను. మొదలు బాగానే ఉంది. తెల్ల మెట్లు, బుద్ధిగా. దీపం వెలిగే చోటికి వచ్చేసరికి వయొలిన్లు పైకి లేచాయి, వేణువు కలిసింది. టైలరమ్మ మొహం వెలిగిపోయింది, భుజాలు లేచాయి, చేతులు వాటంతట అవే పక్కకి జరిగి నల్ల మెట్ల మీదికి ఎక్కేశాయి. అంతే! మిగతా ఐదుగురు ఒక శ్రుతి, ఆవిడొక్కతే అర శ్రుతి పైన. వీధిలో కుక్కలు మొరిగాయి. నిజంగానే మొరిగాయి.

పళ్ళ డాక్టరు వయొలిన్ దించాడు. "మా క్లినిక్కులో కూడా ఇంత బాధ వినలేదండీ. పది రోజులుంది. అప్పటికి కుదరకపోతే వేరే ఎవరినైనా చూసుకుంటాం, ఏమీ అనుకోకండి" అన్నాడు.

అప్పుడే నేను ఒక పాడు పని చేశాను. ఇంటికి నడిచే దారిలో, నా పరువు పోయిందన్న ఉక్రోషంలో, "నీ చెవిలోనే లోపముందమ్మా. చేతులు నేర్పగలను గానీ చెవి తెచ్చివ్వలేను" అనేశాను. ఆవిడ మర్నాడు పాఠానికి రాలేదు. ఆ తర్వాతి పాఠానికీ రాలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం నేనే ఆవిడ కొట్టుకి వెళ్ళాను, కర్టెన్ల గుడ్డ చంకలో పెట్టుకుని, ఆ పని మీదే వచ్చినట్టు. చిన్న గది. రెండు మిషన్లు, బల్ల, వేలాడుతున్న బట్టలు, గోడకి ఆగిపోయిన గడియారం. కిటికీ పక్క కుర్చీలో ఆపరేటరు గారు కూర్చుని చొక్కాలకి బొత్తాలు కుడుతున్నారు. ఎనభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర. బల్ల కింద ఒక మూల గుడ్డ పియానో చుట్టి పడేసి ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం చివుక్కుమంది.

"కచేరీ ఇంకో ఐదు రోజులే" అన్నాను.

"నేను రాను టీచర్ గారూ. చెవే లేనిదానికి సంగీతం ఎందుకు? మీ కర్టెన్లు శనివారానికి ఇస్తాను" అంది, మిషను మీది నుంచి తల ఎత్తకుండా.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. దానికి బదులు సంచీలోంచి శ్రుతి కడ్డీ తీశాను. వయొలిన్లు శ్రుతి చేసుకోవడానికి మోగించే చిన్న ఉక్కు కడ్డీ అది. "నిన్న సాధనకి ముందు వాళ్ళందరూ శ్రుతి చేసుకున్నారే, ఆ స్వరం అను" అన్నాను.

"నిన్నెక్కడ? ఐదు రోజులైంది."

"అదే. అను."

విసుగ్గా "మ్..." అంది. నేను కడ్డీని బల్లకి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇసుమంత తేడా లేదు. రేడియోలో వచ్చే పాటలు ఒకటొకటిగా అనిపించాను, ఫోనులో ఉన్నవాటితో సరిచూశాను. అన్నీ సరిపోయాయి. ముప్పై నాలుగేళ్ళలో ఇలాంటి చెవి నాకు ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు. నాకే లేదు!

"అమ్మాయ్, నీ చెవి బంగారం. నేనే చెవిటిదాన్ని" అన్నాను. కాళ్ళు నేల మీద ఆనడం లేదు నాకు. "మరి ఆ సినిమా ఒక్కటీ ఎందుకు పైన వినిపిస్తోంది నీకు? దాన్ని మీ నాన్నగారి హాల్లో కాక ఇంకెక్కడైనా విన్నావా?"

"లేదు. చెప్పానుగా, రేడియోలో వస్తే నాన్న కట్టేస్తాడు."

ఆ మాట అంటూనే ఆవిడ ఆగింది. నేను కిటికీ వైపు చూశాను. ఆపరేటరు గారి సూది బొత్తాం రంధ్రంలో సగం దాకా వెళ్ళి ఆగిపోయి ఉంది.

నోరు అదుపులో పెట్టుకోవడం నా జాతకంలో లేదు. "ఆపరేటరు గారూ, మీ మిషను ఎంత వేగంతో తిరిగేదండీ? వేగం పెరిగితే శ్రుతి కూడా పైకి పోతుంది కదా" అన్నాను.

టైలరమ్మ దిగ్గున లేచింది. "టీచర్ గారూ! మీరు కూడానా?" గోడ మీది గడియారం వైపు చెయ్యి చూపింది. "అది ఆగిపోయి తొమ్మిదేళ్ళైంది. ఎందుకో తెలుసా? ఈ వీధిలో గడియారాలు బాగుచేసేది ఒక్కడే. మా నాన్న సినిమా వేగంగా నడిపి జనాన్ని మోసం చేస్తున్నాడని చేతిలో వాచీ పెట్టుకుని ఓనరుకి చెప్పింది వాడే. నాన్న ఉద్యోగం పోయింది వాడి వల్లే. మా నాన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు, ఒక్క నిమిషం కూడా కొయ్యలేదని. వాడి కొట్టు గుమ్మం తొక్కను నేను. మీరూ అదే మాట అంటే ఈ గుడ్డ తీసుకుని..."

"బొత్తాం" అన్నారు ఆపరేటరు గారు. చిన్నప్పుడు గుండ్రంగా ఉండేదని ఆయన కూతుర్ని పిలిచే పేరు అది. "కూర్చోమ్మా."

ఆవిడ కూర్చోలేదు.

"వాచీ ఆయన చెప్పింది నిజమే."

మిషను మీద సగం కుట్టిన లంగా జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు తిరగాలి. నేను ఇరవై ఐదున్నర తిప్పాను. మోటారుకి బెల్టు తిప్పే చక్రం, ఆ పుల్లీ మార్చి, కొంచెం పెద్దది వేశాను. పావంగుళం కూడా లేదు తేడా" అన్నారు ఆయన, చొక్కా వైపే చూస్తూ. "అసలు వేగంతో అయితే మ్యాట్నీ ఐదు నలభైకి వదలాలి. మీ అమ్మ బస్సు ఐదు నలభైకే. సినిమా నడుస్తుంటే నేను గది వదలకూడదు, బయటివాళ్ళు పైకి రాకూడదు. నిన్ను కూర్చోనిచ్చిందే ఎక్కువ. పొద్దున అమ్మ వచ్చేసరికి నువ్వు బడికి వెళ్ళిపోయేదానివి. మనం ముగ్గురం ఒకచోట ఉండాలంటే ఇంకో దారి లేకపోయింది."

"ఎన్ని నిమిషాలు?" అంది టైలరమ్మ.

"ఎనిమిది."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి..."

"అబద్ధమాడాను. ఒప్పుకుంటే ఆ పుల్లీ ఎక్కడిదని అడిగేవాళ్ళు. అప్పుడు ఇంకొకరి ఉద్యోగం కూడా పోయేది." ఆయన మొదటిసారి తల ఎత్తారు. "మిల్లు పాతసామాన్లలోంచి దాన్ని కొంగున చుట్టుకుని తెచ్చింది మీ అమ్మ."

నేను లేచి వెళ్ళిపోదామా అనుకుంటున్నాను. టైలరమ్మ మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఫక్కున నవ్వింది. బల్ల పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "అమ్మా? అమ్మే? కొంగునా?" అంటూ మధ్యలో ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది, నేను చూశాను. ఆపరేటరు గారు ముందు బిక్కమొహం వేశారు, తర్వాత ఆయన భుజాలూ కదిలాయి.

"అందుకా రేడియో కట్టేసేవాడివి?"

"నీ చెవి సంగతి నాకు తెలుసు కదమ్మా. ఒక్కసారి వింటే పట్టేస్తావు."

"అయితే నా చెవి మంచిదే! టీచర్ గారూ, విన్నారా? మంచిదే!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. మరుక్షణం షట్టరు సగం దించి, నన్ను రెక్క పుచ్చుకుని, తండ్రి చేతికి కర్ర ఇచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో మా ఇంటికి బయల్దేరదీసింది. నా కర్టెన్ల గుడ్డ అక్కడే ఉండిపోయింది.

ఆరోజు ఆవిడ తెల్ల మెట్ల మీద వాయించింది చూడండి! ఇన్నాళ్ళూ ఆవిడకి రెండు శ్రుతుల్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ఏది వాయించినా రెండోది అడ్డం పడేది. ఇప్పుడు ఆ తగువు తీరిపోయింది. "ఇది అందరి సినిమా" అంటూ తెల్ల మెట్ల మీద మొదటి నుంచి చివరిదాకా, జారకుండా, తడబడకుండా వాయించింది. అలవాటు పోనీకుండా మధ్యలో నోటితో "టక్" అంది గానీ, దాన్ని నేను క్షమించాను. వెంటనే పక్క మెట్టుకి జరిగి, "ఇది మాది" అని నల్ల మెట్ల మీద అందుకుంది. వేగం దానంతటదే కొంచెం పెరిగింది. నేను వాచీ పెట్టి చూశాను. నాలుగు నిమిషాల ముక్క పద్నాలుగు సెకన్లు ముందే అయిపోయింది. ఎన్నిసార్లు వాయించినా అదే పద్నాలుగు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పుల్లీ ఆవిడ వేళ్ళలో తిరుగుతూనే ఉంది.

ఆపరేటరు గారు ఆ మధ్యాహ్నం మా వరండాలోనే కూర్చున్నారు, లోపలికి రమ్మన్నా రాలేదు. "ఆదివారం సరిగ్గా వింటాను" అన్నారు.

మర్నాడు టైలరమ్మ గోడ గడియారం దింపి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని వాచీల కొట్టుకి వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. ఆ పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని ఏదో చిన్న చక్రం ఊదుతున్నాడు. ఈవిడని చూడగానే భూతద్దం ఊడి చేతిలో పడింది.

"మీరు చెప్పింది నిజమేనండీ. మా నాన్న కోశాడు. మిమ్మల్ని అబద్ధాలకోరని వీధంతా చెప్పాను. నాదే తప్పు" అని, గడియారం బల్ల మీద పెట్టి, ఎందుకు కోశాడో అదీ చెప్పింది. మెట్లు, టీ, బస్సు, అన్నీ.

ఆయన గడియారం తిప్పి వెనక మూత విప్పాడు. "ఎనిమిది కాదమ్మా. ఎనిమిదిన్నర. నేను మూడుసార్లు చూశాను" అన్నాడు చివరికి. ఆ గొంతులో ముప్పై ఎనిమిదేళ్ళ గర్వం ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా, "గేటు దగ్గర ఒకావిడ నిలబడేది. బస్సు కోసమనుకున్నాను" అన్నాడు.

"ఆదివారం రండి" అంది టైలరమ్మ.

ఆదివారం సాయంత్రం టౌన్ హాలు నిండింది. ముందు వరసలో నాకు ఒకపక్క ఆపరేటరు గారు, తెల్ల చొక్కా, అన్ని బొత్తాలూ పెట్టుకుని. రెండో పక్క వాచీల పెద్దాయన, గుప్పిట్లో పరుగుపందాల వాచీ. ఇద్దరూ ఒకరికొకరు తల పంకించుకుని ఊరుకున్నారు. మధ్యలో నేను, పరీక్ష రాయబోయే పిల్లలా చెమటలు పట్టి.

బృందంతో కలిసి ఆవిడ వాయించింది తెల్ల మెట్ల మీద. దీపం వెలిగే చోట వయొలిన్లు లేచాయి, ఆవిడ భుజాలు లేచాయి, నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. చేతులు కదల్లేదు. పళ్ళ డాక్టరు వాయిస్తూనే నవ్వాడు. అయిపోయాక హాలు హోరెత్తిపోయింది. నేను లేచి అరిచానని తర్వాత ఎవరో చెప్పారు, నాకు గుర్తు లేదు. ఆపరేటరు గారు చప్పట్లు కొట్టారు గానీ తల వంచుకునే ఉన్నారు. వాచీల పెద్దాయన గుప్పిట విప్పి, "నాలుగు నిమిషాలు, సరిగ్గా" అని నాకు చూపించాడు.

టైలరమ్మ లేచి వెళ్ళలేదు. డాక్టరు దగ్గర ముందే అనుమతి తీసుకుంది. జనం వైపు తిరిగి, "ఇదే ముక్క ఇంకోసారి వాయిస్తాను. మా నాన్న నడిపినట్టు" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చేతులు పక్కకి జరిపింది.

నల్ల మెట్ల మీద ఆ సంగీతం పరిగెత్తింది. ఒక్కతే వాయిస్తోంది, అయినా నాకు వయొలిన్లు వినిపించాయి. బడి వదలగానే మెట్లెక్కి వచ్చే పిల్ల, తిరిగే రీళ్ళు, ఇంకాసేపట్లో అమ్మ వస్తుందన్న గంతులు, అన్నీ ఆ వేళ్ళలో ఉన్నాయి. నా కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు. ఆపరేటరు గారు ఈసారి తల ఎత్తారు. రెండు చేతులూ కర్ర మీద పెట్టి, కూతుర్ని కన్నార్పకుండా చూస్తున్నారు. రీలు మారే చోట ఆయన పెదవులు కదిలాయి. "టక్" అన్నారు, ఆవిడతో పాటే.

చివరి స్వరం ఆగింది. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. "పద్నాలుగు సెకన్లు ముందే" అన్నాడు గొణుగుతూ. వాచీ మాత్రం ఆపలేదు.

టైలరమ్మ లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తండ్రి వైపు చూస్తూ, అలాగే కూర్చుంది. అయిపోయిందో లేదో తెలియక జనం చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. కోసి మిగిల్చుకున్న ఆ పద్నాలుగు సెకన్లూ తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నారు.

నేను చప్పట్లకి చేతులెత్తబోయాను. ఆపరేటరు గారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"ఉండండి టీచర్ గారూ. బస్సుకి ఇంకా టైముంది."

ఆ మాట నా రెండో పక్కన కూర్చున్నాయనకీ వినిపించింది. ఆయన వాచీ వైపు చూస్తూ పెదవులతో అంకెలు లెక్కపెట్టాడు. పద్నాలుగు పూర్తయ్యాక మీట నొక్కి, వాచీ జేబులో వేసుకుని, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు.